సంఘం పుస్తకంలో మన పేరు ఎవరు రాస్తున్నారు?

(కామారెడ్డి జిల్లాలోని ఒక మండల కేంద్రంలో జరిగిన ముస్లిం మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మహిళా సాధికారతపై ప్రసంగించమని నన్ను ఆహ్వానించారు. నేను ప్రసంగాలు చేసే మనిషిని కాను. పదిహేడు సంవత్సరాలుగా స్వయం సహాయక సంఘాల లెక్కల పుస్తకాలు రాస్తున్నాను, ఇతరులు రాసినవి సరిచూస్తున్నాను. కాబట్టి సాధికారత అనే పెద్ద మాటను కాసేపు పక్కన పెట్టి, నాకు తెలిసిన పుస్తకం గురించే మాట్లాడతాను.

మూడేళ్ల క్రితం ఒక గ్రామంలో ఒక సంఘం పుస్తకాలు చూడవలసి వచ్చింది. పదకొండు మంది సభ్యులు. వారిలో పది మంది మన వాళ్లే. తీర్మానాల పుస్తకం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. ప్రతి సమావేశానికీ పూర్తి హాజరు, ప్రతి తీర్మానం కింద సంతకాలు, వేలిముద్రలు. ఇంత చక్కని పుస్తకం చూస్తే నాకు సంతోషం కంటే అనుమానమే ముందు కలుగుతుంది. నెలలు నిండిన గర్భిణి, కూతురి పెళ్లి పెట్టుకున్న తల్లి, బిడ్డ జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న మనిషి లేని సంఘం ఎక్కడ ఉంటుంది? ఏడాది పొడుగునా ఒక్కరూ గైర్హాజరు కాలేదంటే అది సమావేశాల పుస్తకం కాదు, ఒకరు కూర్చుని రాసిన పుస్తకం.

ఆ సంఘంలోని ఒక ఖాలాను అడిగాను: "మీ సంఘానికి బ్యాంకు అప్పు ఎంత ఉంది ఖాలా?" ఆమె నవ్వి, "మాకు అప్పెక్కడిది బేటీ, మేము సూద్ డబ్బు ముట్టుకోము. నెలకు వంద రూపాయలు దాచుకుంటున్నాం, అంతే" అన్నది. పుస్తకంలో మాత్రం ఆమె పేరు మీద ముప్పై వేల రూపాయల అప్పు ఉంది. సంఘం మొత్తం మీద మూడు లక్షలు. ఆ డబ్బు లెక్కలు రాసే మనిషి బంధువుల ఇళ్లకు వెళ్లింది. కిస్తీలు కట్టినంత కాలం ఎవరికీ తెలియలేదు. కిస్తీలు ఆగిపోయిన తరువాత, పింఛను తీసుకోవడానికి బ్యాంకుకు వెళ్లిన మరో వృద్ధురాలికి ఖాతా నిలిపివేశామని చెప్పారు. అప్పుడు బయటపడింది.

ఆ డబ్బు రాబట్టడానికి గ్రామ సమాఖ్యలో ఏడు నెలలు పట్టింది. వాయిదాల మీద కట్టించాము. అది వేరే కథ. నన్ను ఈనాటికీ బాధించే విషయం ఇంకొకటుంది. ఆ పది మందిలో ఆరుగురు ఖుర్ఆన్ పారాయణం చేయగలవారు. ఇద్దరు ఉర్దూ చక్కగా చదువుతారు. చదువు లేని వారిని మోసం చేశారని అనుకోవడానికి వీలు లేదు. పుస్తకం తెలుగులో ఉంది, వారి చదువు మరో లిపిలో ఉంది. ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీలో మూడు లక్షల రూపాయలు పోయాయి.

ఇక్కడ ఒక మాట మనవి చేయాలి. మన ధర్మంలో అప్పును వ్రాతపూర్వకంగా ఉంచుకోవడం చిన్న విషయం కాదు. ఖుర్ఆన్‌లోని అన్నిటికంటే పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అది నమాజు గురించో ఉపవాసం గురించో కాదు, గడువు పెట్టుకొని చేసిన అప్పును రాయించుకోవడం గురించి. చిన్న మొత్తమైనా సరే బద్ధకించవద్దని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులు ఉండాలని అందులో ఆదేశముంది. మన ఇళ్లలో ఆ ఆయత్‌ను ఎంతో శ్రద్ధగా చదువుతాము. మన సంఘం పుస్తకాన్ని మాత్రం మరొకరి చేతికి ఇచ్చి, వారు చూపిన చోట వేలిముద్ర వేసి వస్తాము.

తెలుగు నేలపై ఈ పొదుపు ఉద్యమం ఎలా పుట్టిందో మన పిల్లలకు తెలియదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ప్రభుత్వం 1982లో డ్వాక్రా పథకం ప్రారంభించింది. కానీ దానికి ప్రాణం వచ్చింది నెల్లూరు జిల్లాలో. అక్కడ అక్షరాస్యతా కేంద్రాలలో చదువు నేర్చుకుంటున్న స్త్రీలు, వాచకంలోని పాఠం మీద చర్చించుకుంటూ తమ ఊరి సారా దుకాణం దగ్గరకు నడిచారు. దూబగుంట పేరు 1992లో రాష్ట్రమంతటా మారుమోగింది. దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలిసినదే. సారా మీద పోయే డబ్బును రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకోవడం ఆ స్త్రీలే మొదలుపెట్టారు. దానికి పొదుపులక్ష్మి అనే పేరు వచ్చింది. అదే సంవత్సరం నాబార్డు, సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగాన్ని దేశవ్యాప్తంగా 500 సంఘాలతో ఆరంభించింది. తరువాత 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, 2000లో సెర్ప్ సంస్థ, వెలుగు, ఇందిరా క్రాంతి పథం, 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వరుసగా వచ్చాయి. మిగిలిన రాష్ట్రాలు మన దగ్గరకు వచ్చి నేర్చుకొని వెళ్లాయి.

ఈ క్రమంలో నేను మీ దృష్టికి తేవాలనుకుంటున్నది మొదటి మెట్టు. అక్షరం ముందు వచ్చింది, రూపాయి తరువాత వచ్చింది. నెల్లూరు స్త్రీలు చదవడం నేర్చుకున్న తరువాత దాచుకోవడం నేర్చుకున్నారు. మన విషయంలో ఆ మొదటి మెట్టు కట్టకుండానే రెండవ మెట్టు ఎక్కించారు. అందుకే జారిపడుతున్నాము.

ఇక హక్కు మాట. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో, బ్యాంకు రుణాల పంపిణీలో ముస్లింల వాటా వారి జనాభాతో పోలిస్తే తక్కువగా ఉన్నదని లెక్కలతో సహా చూపింది. అదే సంవత్సరం ప్రకటించిన ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమం, వీలున్న చోటల్లా లక్ష్యాలలోనూ నిధులలోనూ 15 శాతం మైనారిటీలకు కేటాయించాలన్నది. గ్రామీణ జీవనోపాధుల మిషన్ రూపొందినప్పుడు దాని మార్గదర్శకాలలో కూడా లబ్ధిదారులలో సగం మంది ఎస్సీ, ఎస్టీలు, 15 శాతం మైనారిటీలు, 3 శాతం వికలాంగులు ఉండాలని రాశారు. ఇది ఎవరో దయతలచి ఇచ్చిన వరం కాదు. కాగితం మీద ఉన్న మాట. కానీ మీ మండలంలో ఎన్ని సంఘాలున్నాయి, వాటిలో ముస్లిం సభ్యులు ఎందరు, గ్రామ సమాఖ్య కార్యవర్గాలలో ఎందరు, నిరుటి బ్యాంకు లింకేజీలో వారికి అందినది ఎంత అని అడిగిన వారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? సమాచార హక్కు చట్టం వచ్చి 2005 నుంచి ఇన్నేళ్లయింది. కొద్దిపాటి రుసుముతో అడగవచ్చు. మన సంస్థలు ఢిల్లీ నివేదికల మీద సభలు పెట్టినంతగా మండల కార్యాలయంలోని ఈ నాలుగు అంకెల కోసం ప్రయత్నించలేదు. ఈ విమర్శలో నేను కూడా ఉన్నాను.

అయితే అన్యాయమంతా బయటి నుంచే వచ్చిందని చెప్పి చేతులు దులుపుకుంటే అది నిజాయితీ కాదు. మనం సంఘాలకు దూరంగా ఉండడానికి మనం చెప్పుకునే మొదటి కారణం వడ్డీ. సూద్ హరామ్ అనే విశ్వాసాన్ని నేను గౌరవిస్తాను, అది నా విశ్వాసం కూడా. దాని ధార్మిక నిర్ణయం చెప్పడానికి నేను ఆలిమాను కాను. కానీ పుస్తకాలు చూసే మనిషిగా నేను చూసినది చెప్పకపోతే తప్పు చేసినదానినవుతాను.

సంఘం అప్పు సూద్ అని వద్దన్న ఇంటి గుమ్మం ముందే వారం వారం ప్రైవేటు ఫైనాన్సు మనిషి మోటారు సైకిల్ ఆగుతున్నది. ఆ కుర్రాడికి వీధిలోని ప్రతి ఇల్లూ తెలుసు. అతను వచ్చే సమయానికి ఒకావిడ పక్కింటికి పరుగెత్తి రెండు వందలు చేబదులు తెచ్చి కిస్తీ కడుతుంది. సంఘంలో చేరితే అల్లాహ్‌కు ఏమి సమాధానం చెప్పాలి అని అడిగిన పెద్దమనిషి, తన భార్య పేరు మీద నడుస్తున్న మూడు ఫైనాన్సు కార్డుల గురించి అడగలేదు. ఆయనకు తెలియక కాదు. అది ఆడవాళ్ల వ్యవహారమని ఊరుకున్నాడు.

లెక్క చూడండి. ఏడాదికి 24 శాతం వడ్డీతో 40,000 రూపాయలు తీసుకొని రెండేళ్ల పాటు నెలనెలా కిస్తీలు కడితే, వడ్డీ కిందనే సుమారు 10,700 రూపాయలు పోతాయి. గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద సంఘానికి 3 లక్షల రూపాయల వరకు బ్యాంకు 7 శాతానికి ఇవ్వాలి. అదే 40,000 ఆ లెక్కన తీసుకుంటే వడ్డీ మూడు వేలకు లోపే. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నుంచి వడ్డీ లేని రుణాల పథకం కూడా ఉన్నది. గడువుకు కట్టిన సంఘాలకు ప్రభుత్వం వడ్డీని తిరిగి జమ చేయాలి. ఆ డబ్బు సకాలంలో రాకపోవడం, కొన్నేళ్లు పేరుకుపోవడం సంఘాలన్నిటికీ అనుభవమే. ఏది ఏమైనా, చిన్న వడ్డీని ధర్మం పేరుతో కాదని పెద్ద వడ్డీని అవసరం పేరుతో ఔనంటున్నాము. ఇది ధర్మనిష్ఠ అనిపించుకోదు.

2010లో సూక్ష్మరుణ సంస్థల ఒత్తిళ్ల వల్ల ఆత్మహత్యలు జరిగాయన్న ఆందోళనతో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. ఆ సంస్థలు కొంతకాలం వెనక్కు తగ్గాయి. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది. మళ్లీ మోటారు సైకిళ్లు కనిపిస్తున్నాయి. అయినా మనం నిరాయుధులం కాము. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం ఒక కుటుంబం కట్టవలసిన అన్ని నెలవారీ కిస్తీలు కలిపి ఆ కుటుంబ నెలసరి ఆదాయంలో సగం దాటకూడదు. గడువుకు ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. బెదిరించి, దూషించి వసూలు చేయకూడదు. రెండవ కార్డు, మూడవ కార్డు ఇస్తామని వచ్చిన వారిని ఈ మొదటి నిబంధన గురించి అడగండి.

మరి సూద్ లేకుండా సంఘం నడపడం సాధ్యమా? కొంతవరకు సాధ్యం. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, రెండు గ్రామాలలో చూసి చెబుతున్నాను. సంఘం తన సొంత పొదుపులో నుంచి సభ్యులకు ఇచ్చుకునే అంతర్గత అప్పుకు వడ్డీ ఎంత అన్నది సభ్యులే తీర్మానించుకుంటారు. ఏమీ వద్దని తీర్మానించుకోవడానికి అడ్డు లేదు. పది మంది నెలకు రెండు వందలు దాచుకుంటే ఏడాదికి 24,000 అవుతుంది. అయిదు వేల చొప్పున నలుగురికి ఖర్జె హసనాగా ఇవ్వవచ్చు. పది నెలలలో అయిదు వందల చొప్పున తిరిగి వస్తే, ఆ వచ్చిన డబ్బుతో అయిదవ మనిషికి, ఆరవ మనిషికి ఇవ్వవచ్చు. పుస్తకాలకు, ప్రయాణపు ఖర్చులకు తలా ఇంత అని సమానంగా వేసుకుంటారు. అది వడ్డీ కాదు, ఖర్చు. ఆ రెండు గ్రామాలలోనూ ఆసుపత్రి, స్కూలు ఫీజు, నెలాఖరు కిరాణా వంటి అవసరాలకు ఫైనాన్సు మనిషి రాక చాలావరకు తగ్గింది. పూర్తిగా ఆగలేదు. పెళ్లి ఖర్చు దగ్గర ఈ పద్ధతి ఓడిపోతున్నది. కూతురి పెళ్లికి మూడు లక్షలు కావాలంటే ఖర్జె హసనా ఎక్కడ సరిపోతుంది? ఆ మూడు లక్షలు ఎందుకు కావలసి వస్తున్నదో వేదిక మీది పెద్దలు ఆలోచించాలి. జోడా ఇన్ని వేలు, బండి ఇంత, ఫంక్షన్ హాలు ఇంత అని నిర్ణయిస్తున్నది సంఘం కాదు, మనమే.

బ్యాంకు లింకేజీ దగ్గర మాత్రం నిర్ణయం ఎవరికి వారే చేసుకోవాలి. ఉలమాలు, సంఘం స్త్రీలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలని నా కోరిక. ఇంతవరకు స్త్రీలు లేని చోట నిర్ణయాలు జరిగాయి, నిర్ణయం లేని చోట స్త్రీలు అప్పులు చేశారు. రఘురామ్ రాజన్ నాయకత్వంలోని ఆర్థిక రంగ సంస్కరణల కమిటీ, విశ్వాసం కారణంగా వడ్డీకి దూరంగా ఉండే పేదల కోసం వడ్డీ రహిత సేవల ఏర్పాటును 2008లోనే సూచించింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోవడం లేదని 2017లో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ తలుపు మూసుకున్న తరువాత మనం కట్టుకోగలిగినది మన పొదుపు మీద మనం నడుపుకునే ఈ చిన్న ఏర్పాటే.

ముస్లిం స్త్రీలు గడప దాటి సంఘాలు నడపడం కుదరదనే వారికి ఒక ఊరి పేరు చెబుతాను. కేరళలోని కుటుంబశ్రీ గురించి విననివారు ఉండరు. దానిని 1998 మే 17న ప్రారంభించినది మలప్పురంలో. ముస్లింలు అధిక సంఖ్యాకులుగా ఉన్న జిల్లా అది. అంతకు ముందు జరిగిన ప్రయోగాలకు కూడా ఆలప్పుళ పట్టణంతో పాటు మలప్పురం జిల్లా వేదిక అయింది. తలమీద ముసుగుతో వరిచేలో దిగిన స్త్రీలు, పంచాయతీ కార్యాలయంలో లెక్క చెప్పిన స్త్రీలు అక్కడ ఉన్నారు. ముసుగు అడ్డమని అక్కడ ఎవరూ అనుకోలేదు. హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హా మక్కాలో వ్యాపారం నడిపిన మహిళ అని జుమా ప్రసంగాలలో ఎన్నిసార్లు విన్నాము! విన్న తరువాత ఇంటికి వచ్చి కోడలిని సమావేశానికి పంపడానికి వెనుకాడుతున్నాము.

ఇప్పుడు జీవనోపాధి విషయం. సంఘమంటే అప్పు అని మాత్రమే అనుకోవడం వల్ల మనం పోగొట్టుకుంటున్నది చాలా ఉంది. ఇటీవలి సంవత్సరాలలో తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలల పిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇస్తున్నారు. మన ఇళ్లలో మిషన్ లేని ఇల్లు ఎన్ని ఉంటాయి? జాకెట్టు, సల్వార్, షేర్వానీ వరకు కుట్టగల చేతులు మన వీధులలో ఉన్నాయి. కానీ ఆ పని వచ్చేది సమాఖ్య ద్వారా. సమాఖ్యలో మన వాళ్లు లేరు. నేను చూసిన ఒక ఊరిలో ఏమయిందంటే, పని తీసుకున్న సంఘంలో కుట్టు వచ్చిన వారు ముగ్గురే. గడువు దగ్గరపడ్డాక కత్తిరించిన గుడ్డల మూటలు మన వీధికి వచ్చాయి. సంఘానికి వచ్చే కూలిలో సగానికి మన అమ్మాయిలు రాత్రింబగళ్లు కుట్టి ఇచ్చారు. పని మనది, పుస్తకంలో పేరు వేరొకరిది. ఇందులో ఆ సంఘం వారి తప్పు నాకు పెద్దగా కనిపించలేదు. మనం ఆ గదిలో లేకపోవడమే కనిపించింది.

ధాన్యం కొనుగోలు కేంద్రాలు కూడా అంతే. సీజనులో గ్రామ సమాఖ్యల స్త్రీలు వాటిని నడిపి కమీషను సంపాదిస్తున్నారు. తూకం వేయడం, తేమ శాతం చూడడం, రైతుకు రసీదు రాయడం నేర్చుకున్నారు. భూమి లేని మనకు ధాన్యంతో పని ఏమిటి అనుకుంటాము. ఆ కేంద్రం నడపడానికి భూమి అక్కరలేదు, సమాఖ్యలో సభ్యత్వం కావాలి.

బీడీల సంగతి ఈ సభలో నేను చెప్పనక్కర లేదు. తునికాకు కత్తిరించే కత్తెర పట్టి పట్టి వంకరపోయిన వేళ్లు ఇక్కడ అందరికీ ఉన్నాయి. వెయ్యి బీడీలు చుట్టితే వంద తీసి పక్కన పడేసే రోజు ఉంటుంది, ఆకు తక్కువ తూచి ఇచ్చే రోజు ఉంటుంది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టే స్త్రీని కూడా కార్మికురాలిగా గుర్తించింది. భవిష్య నిధి ఖాతా, గుర్తింపు కార్డు ఉన్న వారు తమ కాగితాలను ఒకసారి బయటకు తీసి చూసుకోండి. సంఘంలో పది మంది కలిసి కార్ఖానా కమీషన్‌దారు దగ్గరకు ఆకు తూకం అడగడానికి వెళితే ఒక మాట, ఒంటరిగా వెళితే మరో మాట వినిపిస్తుంది. అలా వెళ్లడం కూడా సంఘం పనే. పొదుపు పుస్తకంలో రాయరు కానీ అది కూడా పొదుపే.

మేకల పెంపకం గురించి ఒక హెచ్చరిక. బక్రీద్‌కు అమ్మవచ్చని అందరూ ఒకే ఏడాది మేకలు కొంటున్నారు. పశువైద్యుడు ఉన్న ఊరా, మేపడానికి చోటు ఉన్నదా, టీకాలు వేయించారా అని చూడరు. ఒక సంఘంలో కొన్న పద్దెనిమిది మేకపిల్లలలో వానాకాలం దాటేసరికి ఏడు మిగిలాయి. అప్పు మాత్రం పద్దెనిమిదింటిదీ మిగిలింది. బ్యాంకుకు ఇచ్చే సూక్ష్మ రుణ ప్రణాళికలో ఇటువంటి ప్రశ్నలన్నీ ఉంటాయి. దానిని మనం నింపము, ఎవరో నింపుతారు. మళ్లీ అదే కథ.

కాగితాల విషయంలో మన ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. బయటివారికి ఇది చిన్నదిగా కనిపిస్తుంది. మన పేర్లు. ఆధార్‌లో షాహెదా బేగం, రేషన్ కార్డులో శాహిదాబి, బ్యాంకులో ఎస్.కె. షహీదా. మూడూ ఒకే మనిషి. కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు. పెళ్లికి ముందు తండ్రి పేరు, తరువాత భర్త పేరు, ఇంటిపేరు గడిలో ఒకసారి షేక్, మరొకసారి ఖాళీ. ఒక్క అక్షరం తేడాతో పదకొండు మంది సంఘానికి రుణం నాలుగు నెలలు ఆగిపోవడం నేను చూశాను. ఆ నాలుగు నెలలూ మిగిలిన సభ్యులు ఆమెను చూసిన చూపు కూడా చూశాను. తరువాత సంఘం పెట్టేటప్పుడు మన వాళ్లను కలుపుకోవడానికి వెనుకాడారంటే అందులో ద్వేషం కంటే ఈ విసుగు ఎక్కువ. సంఘంలో చేరే ముందే మూడు కాగితాలలో పేరు ఒకేలా ఉండేట్లు సరిచేయించుకోవాలి. మన యువకులు ఈ పని భుజాన వేసుకుంటే ఒక్క వేసవిలో మండలమంతా పూర్తవుతుంది.

భర్త వదిలివేసిన స్త్రీలు, గల్ఫ్‌కు వెళ్లి కబురు లేకుండా పోయిన వారి భార్యలు, తలాఖ్ పొంది పుట్టింట ఉన్న చెల్లెళ్లు మన సంఘాలలో కూడా కనిపించరు. వీరు కిస్తీ కట్టలేరేమోనని భయం. నా పుస్తకాల అనుభవం వేరు. సమయానికి కట్టేవారిలో వీరే ముందుంటారు. వీరికి ఇంకొక దారి లేదు కనుక. వీరిని చేర్చుకోని సంఘానికి పంచసూత్రాలన్నీ సక్రమంగా ఉన్నా నేను మంచి మార్కులు వేయను.

ముస్లిం స్త్రీలకు వేరుగా సంఘాలు కావాలా, అందరితో కలిసి ఉండాలా అని నన్ను తరచుగా అడుగుతుంటారు. సంఘం వరకు మన వీధి వాళ్లం, మన భాషలో మాట్లాడుకునే వాళ్లం ఒకటిగా ఉండవచ్చు. సమావేశం జుమా వేళకు తగలకుండా పెట్టుకోవచ్చు. కానీ గ్రామ సమాఖ్య ఒక్కటే ఉంటుంది. మాదిగ వాడ అక్క, చాకలి అక్క, పద్మశాలి అక్క కూర్చున్న చాప మీదే మనమూ కూర్చోవాలి. నేను చెప్పిన మూడు లక్షల కేసులో ఆ ఖాలా తరఫున నిలబడి లెక్క తేల్చేదాకా లేవనన్నది సమాఖ్య అధ్యక్షురాలు, ఒక దళిత స్త్రీ. ఆమె ఏడవ తరగతి వరకే చదివింది. పుస్తకంలోని పేజీ తిప్పి, ఒక సంతకం మీద వేలు పెట్టి, "ఈ 'షా' మొత్తం ఒక్క చేతిదే" అన్నది. మనకు తోడు అక్కడ దొరికింది.

బ్యాంకులో కూడా అడగవలసినవి ఉన్నాయి. 10 లక్షల రూపాయల వరకు సంఘం రుణానికి తాకట్టు గానీ, పూచీకత్తు డిపాజిట్ గానీ అడగకూడదు. సంఘం పొదుపు ఖాతాలోని డబ్బును అప్పు కింద బిగించి ఉంచకూడదు. ఇవి రిజర్వు బ్యాంకు ఆదేశాలు. పొదుపు తీయనివ్వము, అది అప్పుకు హామీ అని కౌంటరు వద్ద చెబితే, ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. రాసి ఇవ్వరు.

మస్జిద్ కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. పిల్లలు సాయంత్రం అరబీ చదువుకునే గది ఉదయం ఖాళీగా ఉంటుంది. వారానికి రెండు రోజులు, రెండు గంటల చొప్పున స్త్రీలకు ఇవ్వండి. తెలుగు అక్షరాలు, అంకెలు, పొదుపు పుస్తకం, బ్యాంకు పాసు పుస్తకం చదవడం నేర్పుదాం. నేర్పడానికి ఇంటర్ చదివిన అమ్మాయిలు ప్రతి వీధిలో ఉన్నారు. ఉర్దూను వదులుకోమని నేను అనడం లేదు, నా ఇంటి భాష కూడా అదే. కానీ మన అప్పు ఏ భాషలో రాస్తున్నారో ఆ భాష చదవడం రావాలి. మూడు నెలలు చాలు. నేను మొదట చెప్పిన ఖాలాకు అరవై రెండేళ్లు. ఆమె తన పేరు, తన పొదుపు మొత్తం చదవడం నేర్చుకున్నది. ఇప్పుడు సమావేశంలో పుస్తకం ముందు ఆమె దగ్గరకే వెళుతుంది. కళ్లద్దాలు పెట్టుకొని అందరి గడులూ చూస్తుంది, తన గడి చివరన చూస్తుంది.

వచ్చే గురువారం జుహర్ తరువాత ఇదే చోట కలుద్దాం. సంఘంలో ఉన్నవారు పొదుపు పుస్తకం, బ్యాంకు పాసు పుస్తకం తెచ్చుకోండి. లేనివారు ఆధార్, రేషన్ కార్డు తెండి, పేర్లు సరిపోయాయో లేదో ముందు చూద్దాం. ఫైనాన్సు కార్డులు ఉన్నవారు అవి కూడా తెండి, దాచుకోనక్కర లేదు, ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో వీధిలో అందరికీ తెలుసు. సమాచార హక్కు దరఖాస్తు నమూనా నేను రాసుకొని వస్తాను. దాని కింద సంతకం చేయడానికి ఇద్దరు కావాలి. వేలిముద్ర కాదు, సంతకం.